ఆ ఫొటోలో గులాబీ రంగువి చచ్చిన కణాలండీ

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఆబోతు వీర్యం నాణ్యతను ల్యాబుల్లో ఎలా కొలుస్తారో చెబుతూ వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయానికి ఓ పేజీ ఇచ్చారు, చాలా సంతోషం. కానీ ముందు ఆ ఫొటో సంగతి తేల్చాలి. ముదురు రంగు నేపథ్యం మీద కొన్ని శుక్రకణాలు తెల్లగా, కొన్ని గులాబీ రంగులో కనిపిస్తున్న ఫొటో వేసి, కింద ‘గులాబీ రంగులో నిగనిగలాడుతున్న ఆరోగ్యవంతమైన కణాలు’ అని రాశారు. అవి చచ్చినవండీ. ఏ రంగూ అంటకుండా తెల్లగా ఉన్నవే బతికున్నవి. ఇయోసిన్ అనే ఎర్ర రంగు, నిగ్రోసిన్ అనే నల్ల రంగు కలిపి ఒక చుక్క వీర్యంలో వేసి స్లైడు మీద పలచగా లాగుతారు. కణం బతికుంటే దాని పైపొర గట్టిగా ఉంటుంది, ఇయోసిన్‌ని లోపలికి రానివ్వదు. చచ్చిన కణానికి పొర చిరిగి ఉంటుంది కాబట్టి రంగు లోపలికి పోయి గులాబీగా కనపడుతుంది. నిగ్రోసిన్ పని వెనకాల నల్లటి తెర కట్టడమే, తెల్లవి కంటికి ఆనాలి కదా. మీ ఫొటోలో నేను లెక్కపెట్టినంత వరకూ సగానికి పైగా గులాబీవే ఉన్నాయి. మా ల్యాబులో అలాంటి స్లైడు వస్తే ఆ పూట వీర్యం పారబోస్తాం.

నేను వీర్యం పరీక్షించే ల్యాబులో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. వ్యాసం రాసిన వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వారికి చెప్పినవాళ్లు సగమే చెప్పి ఉంటారు. అందులో ఒక వాక్యం మాత్రం నన్ను ఈ ఉత్తరం రాసేలా చేసింది. ‘కంప్యూటర్ యంత్రం 82 శాతం కదలిక చూపించింది, అంటే ఇది 82 శాతం నాణ్యత గల వీర్యం’ అని. అది చదివి మాకు తెలిసిన ఒక పాడి రైతు ఫోన్ చేశాడు. “అన్నా, మా ఆవుకి వేసినదానికి ఎన్ని మార్కులొచ్చాయో కనుక్కోవడం ఎలా?” అని. మార్కులు! నాకు నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే ఆయన తప్పేం లేదు. మేమే అలా అలవాటు చేశాం. ఒక అంకె రాసి చేతిలో పెడతాం, ఆ అంకె ఎలా వచ్చిందో ఎవరికీ చెప్పం.

అది ఎలా వస్తుందో చెప్తాను.

ఆబోతు ఒకసారి ఇచ్చేది చాలావరకు 4 నుంచి 8 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకి 100 కోట్ల అటూ ఇటూ కణాలు. గొట్టం చేతికి రాగానే రంగు చూస్తాం. పాల మీగడలా ఉండాలి, నీళ్లలా ఉంటే కణాలు తక్కువున్నట్టు, ఎర్రజీర ఉంటే రక్తం, మరీ పసుపు పచ్చగా ఉండి వాసన తేడాగా ఉంటే మూత్రం కలిసిందేమో అని అనుమానం. ఆ తర్వాత గొట్టాన్ని గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టి, ఒక్క చిన్న చుక్క తీసి, వేడి చేసిన స్లైడు మీద పెట్టి, కవర్ స్లిప్ వేయకుండా తక్కువ పవర్‌లో చూస్తాం. మంచి వీర్యమైతే ఆ చుక్కలో విడివిడి కణాలు కనపడవు. కారుమబ్బులు కమ్ముకొచ్చి సుడులు తిరిగినట్టు ఉంటుంది, ఒక అల లేచి ఇంకో అలని తోసుకుంటూ పోతుంది. ఇన్నేళ్లయినా పొద్దున్నే మొదటి చుక్క చూసినప్పుడు ఒక్క క్షణం అలా ఉండిపోతాను. దానికి 0 నుంచి 5 వరకూ వేస్తాం. సుడి వేగం, నలుపు బట్టి అంతే, అందులో కొలత ఏమీ లేదు, కంటి అంచనా. చిక్కగా ఉన్న వీర్యానికి సుడులు బాగా వస్తాయి, అదే కణాలు పలచగా ఉంటే ఎంత చురుగ్గా ఉన్నా సుడి రాదు. అంటే ఈ పరీక్ష చురుకుదనాన్నీ చిక్కదనాన్నీ కలిపి చూపిస్తుంది, ఏది ఎంతో విడదీసి చెప్పదు.

ఇక వేడి సంగతి. నేను చేరిన కొత్తలో ఒక రోజు వరసగా మూడు ఆబోతుల వీర్యం 2 కూడా రాలేదు. మూడూ మంచి పేరున్నవే. మొదటిది ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం, రెండోదానికి ముఖముఖాలు చూసుకున్నాం, మూడోదానికి మా పెద్దాయన లేచొచ్చి మైక్రోస్కోపు మీద అరచెయ్యి పెట్టి చూశారు. స్లైడు పెట్టే పలక చల్లగా ఉంది, దాన్ని వేడి చేసే వైరు ప్లగ్గులోంచి ఊడింది. అంతే. 37 డిగ్రీల దగ్గర దూసుకుపోయే కణాలు చల్లటి గాజు మీద పెడితే బద్ధకంగా కదులుతాయి. మళ్లీ వేడెక్కించి చూస్తే మిగతా రెండూ 4 పైనే. మొదటిది అప్పటికే పారబోశాం. ఆ రోజు రిజిస్టర్ తీసి చూస్తే ఇప్పటికీ ఆ ఆబోతు పేరు పక్కన ఆ చెడ్డ అంకె అలాగే ఉంటుంది. అది చదివేవాడికి వైరు కథ తెలీదు కదా.

తర్వాతది విడివిడి కణాల కదలిక. వీర్యాన్ని పలచన చేసి, కవర్ స్లిప్ వేసి, ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపులో 200 రెట్లో 400 రెట్లో పెంచి చూస్తూ, నూటికి ఎన్ని నేరుగా ముందుకు పోతున్నాయో అంచనా కడతాం. ఉన్నచోటే గింగిరాలు తిరిగేవి, తోక మాత్రం ఆడిస్తూ నిలబడేవి లెక్కలోకి రావు. చాలా ల్యాబుల్లో తాజా వీర్యానికి 70 శాతం గీత పెట్టుకుంటారు, అంతకు తగ్గితే గడ్డకట్టించడానికి పనికిరాదు. ఇప్పుడు ఏ ల్యాబు రిజిస్టరైనా తిరగేసి చూడండి, 70, 75, 80 ఇవే కనపడతాయి. 68 ఉండదు, 73 ఉండదు. 65 అయితే అరుదు. కంటితో అంచనా కట్టేవాడు గుండ్రటి అంకెలే చెప్తాడు, అది సహజం. కానీ సరిగ్గా గీత మీద ఇన్ని 70లు ఎలా పోగవుతాయి? పేరున్న ఆబోతు అనుకోండి, కిందామీదా పడి ఇంకో చోట ఫోకస్ చేసి, ఇంకో చోట చూసి, కదిలేవి ఎక్కువున్న మూల చూసి 70 వేస్తారు. ఎవరూ అబద్ధం రాయాలని రాయరు. కన్ను కదిలేదాని వెంటే పోతుంది, కదలకుండా పడి ఉన్నది కంటికి ఆనదు. ఒకసారి ఒకే గొట్టంలోంచి రెండు చుక్కలు తీసి, ఒకరికి తెలీకుండా ఒకరికి ఇచ్చి చూడమన్నాం. ఒకరు 75 అన్నారు, ఒకరు 55 అన్నారు. ఇద్దరూ సీనియర్లే, ఇద్దరూ నాకు పని నేర్పినవాళ్లే.

అందుకే యంత్రం వచ్చింది, మంచిదే. కంప్యూటర్‌తో కదలిక కొలిచే ఈ పద్ధతిని మేం కాసా అంటాం. మైక్రోస్కోపుకి కెమెరా తగిలించి సెకనుకి 30, 60 చొప్పున బొమ్మలు తీస్తారు, ఒక్కో కణం తల ఒక బొమ్మ నుంచి తర్వాతి బొమ్మకి ఎటు జరిగిందో సాఫ్ట్‌వేర్ గీత గీసుకుంటూ పోతుంది. ఎంత వేగం, ఎంత వంకర, తల ఎంత అటూ ఇటూ ఊగుతోంది, అన్నీ చెప్తుంది. కంటికి అందని సంగతులివి. మనిషిలా దానికి పేరున్న ఆబోతు మీద మొహమాటం ఉండదు. అయితే అది కొలిచేది మనం చూపించినదాన్నే, మనం చెప్పినట్టే. ‘ముందుకు పోతోంది’ అనడానికి సెకనుకి 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వేగం ఉండాలని ఒక ల్యాబు సెట్టింగు పెట్టుకుని, ఇంకో ల్యాబు 25 చాలనుకుంటే, ఒకే చుక్కకి రెండు చోట్ల రెండు అంకెలు వస్తాయి. కణాలు మరీ దగ్గరదగ్గరగా ఉంటే ఒకదాని దారిలో ఒకటి పడి, యంత్రం ఒకదాని గీతని ఇంకోదానికి అంటగడుతుంది. చుక్క వేసే గాజు అర లోతు 20 మైక్రాన్లా 10 మైక్రాన్లా అన్నదాన్ని బట్టి కూడా తేడా వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తంటా గుడ్డు పచ్చసొన. గడ్డకట్టించే ముందు చలికి తట్టుకోవడానికి వీర్యంలో పచ్చసొన కలిపిన ద్రావణం పోస్తారు. పచ్చసొన రేణువులు కొన్ని సరిగ్గా కణం తలంత ఉంటాయి. కదలవు. యంత్రం వాటిని చచ్చిన శుక్రకణాలుగా లెక్కేసేస్తుంది. మా దగ్గర యంత్రం పెట్టిన మొదటి నెలలో ఒక మంచి ఆబోతుకి 38 శాతం చూపిస్తే అందరం హడలిపోయాం. తెర మీద ఎర్ర గుర్తు పెట్టిన ఒక్కో ‘కణాన్నీ’ పెద్దది చేసి చూస్తే తోకే లేదు, ఉత్త పచ్చసొన. ఇంకోపక్క కొందరు ఏం చేస్తారంటే, ఈ తలనొప్పి ఎందుకని కదలని వాటిని చేత్తో చెరిపేస్తూ పోతారు. కొన్ని నిజంగా చచ్చినవి కూడా ఆ ఊపులో ఎగిరిపోతాయి, 82 అలా కూడా రావచ్చు. మీ వ్యాసంలో చెప్పిన అంకె అలా వచ్చిందని నేననడం లేదు. ఎలా వచ్చిందో అందులో లేదు, నా బాధ అదే. దీనికి విరుగుడు ఉంది: కణం తలలోని డీఎన్‌ఏకి మాత్రమే అంటుకుని వెలిగే రంగు వేసి చూస్తే పచ్చసొన వెలగదు, గొడవ తీరిపోతుంది. ఖర్చుతో కూడిన పని కాబట్టి అన్ని ల్యాబులూ చేయవు.

లెక్కపెట్టడం గురించి ఇంకో మాట. 100 కణాలు చూసి 50 కదులుతున్నాయని రాశామనుకోండి. అసలు శాతం 40 నుంచి 60 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇది మా చేతకానితనం కాదు, లెక్కల సూత్రం. నాణెం 100 సార్లు ఎగరేస్తే సరిగ్గా 50 బొమ్మలు పడతాయా? 400 కణాలు లెక్కపెడితే ఆ వెసులుబాటు 45 నుంచి 55కి తగ్గుతుంది. అంటే నాలుగింతలు చాకిరీ చేస్తే అనుమానం సగమవుతుంది, అంతే. రోజుకి పదుల కొద్దీ శాంపిళ్లు వచ్చే చోట చేత్తో ఎవరు 400 లెక్కపెడతారు? యంత్రం పెడుతుంది, దాని గొప్పతనం అక్కడుంది. అయినా ఒక బ్యాచ్‌కి 51 వచ్చి పాస్, ఇంకో బ్యాచ్‌కి 48 వచ్చి ఫెయిల్ అని ఎవరైనా గర్వంగా చెప్తుంటే మాత్రం నాకు నోరు ఊరుకోదు. ఆ రెంటికీ తేడా ఉందని ఏ లెక్కా చెప్పదు.

కణాల సంఖ్య గురించి వ్యాసంలో ఒక్క ముక్కే ఉంది, అది ఇంకొంచెం చెప్పాల్సింది. పాతకాలం పద్ధతి న్యూబాయర్ చాంబరు, రక్తకణాలు లెక్కపెట్టే అదే గాజు పలక. వీర్యాన్ని 200 రెట్లు పలచన చేసి, కణాలు కదలకుండా చంపి, ఆ గళ్లలో పోసి లెక్కపెడతారు. లోతు మిల్లీమీటరులో పదో వంతు, మధ్యలో 25 గళ్లు, వాటిలో 5 గళ్లు లెక్కేస్తే చాలంటారు. మెడ పట్టేస్తుంది గానీ నమ్మకం. రోజువారీ పనికి మాత్రం ఫోటోమీటరు వాడతారు. వీర్యంలోంచి వెలుతురు పంపితే ఎంత ఆగిపోయిందో చూసి కణాలెన్నో చెప్పే యంత్రం అది. దానికి తెలిసింది మసక మాత్రమే. ఆ మసక శుక్రకణాల వల్ల వచ్చిందా, చీము కణాల వల్ల వచ్చిందా, దుమ్ము వల్లనా అన్నది దానికి తెలీదు. అప్పుడప్పుడూ గళ్ల పలక మీద చేత్తో లెక్కపెట్టి ఫోటోమీటరుని సరిచూసుకోవాలి. ఆ పని ఎగ్గొట్టినచోట ఏమవుతుందో చూడండి. యంత్రం ఉన్నదానికంటే 25 శాతం ఎక్కువ చూపిస్తోందనుకుందాం. ఒక్కో స్ట్రాలో, అంటే ఆవుకి ఒకసారి వేసే వీర్యం నింపిన సన్నటి గొట్టంలో, 2 కోట్ల కణాలు పెడుతున్నాం అనుకుని పలచన చేస్తారు, నిజానికి పడేది 1 కోటి 60 లక్షలు. స్ట్రా మీద అచ్చు అదే, లోపల సరుకు వేరు. ఆ 1 కోటి 60 లక్షల్లో గడ్డకట్టించి కరిగించేటప్పటికి మంచి వీర్యంలో కూడా సగం దాకా పోతాయి.

అలా సగం చచ్చినా మిగతా సగం బతకడమే ఒక వింత. అసలు గడ్డకట్టిన కణాల్ని బతికించే గ్లిజరాల్ సంగతి బయటపడిందే సీసా పొరపాటు వల్ల. 1949లో బ్రిటన్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు కోడి వీర్యం మీద పనిచేస్తూ, పళ్ల చక్కెర ద్రావణం అని రాసి ఉన్న సీసా వాడితే కణాలు గడ్డకట్టించాక కూడా బతికాయి. కొత్తగా చేసిన చక్కెర ద్రావణంతో ఎంత ప్రయత్నించినా బతకలేదు. తీరా ఆ సీసాలో అడుగున మిగిలినదాన్ని పరీక్ష చేయిస్తే అందులో చక్కెరే లేదు, గ్లిజరాల్ ఉంది. లేబుల్ తారుమారైంది. సీసా మీద రాసింది వదిలేసి లోపలున్నది పరీక్ష చేయించారు కాబట్టి ఇవాళ ఈ పరిశ్రమ ఉంది. మా ల్యాబుకి కొత్తగా వచ్చిన పిల్లలకి ఈ కథ తప్పకుండా చెప్తాను.

ఇక స్ట్రా కరిగించాక చేసే పరీక్షలు. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉన్న స్ట్రాని తీసి 37 డిగ్రీల నీళ్లలో అరనిమిషం ముంచి, తుడిచి, కత్తిరించి చూస్తాం. చాలా ప్రమాణాల్లో ఇక్కడ 40 లేదా 50 శాతం కదలిక ఉంటే పాస్. తుడిచి అన్నాను, ఆ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఒకసారి మా దగ్గర ఒక బ్యాచ్ మొత్తంలో తోకలు చుట్టలు చుట్టుకుని కనపడ్డాయి. తోక చుట్టుకోవడం పుట్టుకతో వచ్చే లోపం కూడా కావచ్చు కాబట్టి ఆబోతునే పక్కన పెడదామా అనేదాకా వెళ్లింది వ్యవహారం. చివరికి చూస్తే కొత్తగా చేరిన కుర్రాడు స్ట్రా బయట ఉన్న తడి తుడవకుండానే కత్తిరిస్తున్నాడు, కత్తెర తడి, స్ట్రా తడి, ఆ నీటి చుక్క వీర్యంలో పడుతోంది. ఉప్పు లేని నీళ్లు తగిలితే కణం నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, తోక చుట్టుకుపోతుంది. ఆవులకి స్ట్రా వేసేవాళ్లకి కూడా ఇదే చెప్తుంటాం, ఒక్క చుక్క నీళ్లు కూడా విషమే అని.

తమాషా ఏంటంటే ఇదే సంగతి కావాలని చేస్తే అది ఒక మంచి పరీక్ష. ఉబ్బు పరీక్ష అందాం. సిట్రేటూ ఫ్రక్టోజూ తక్కువ గాఢతలో కలిపిన ద్రావణంలో కణాల్ని 37 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఉంచుతారు. పొర చెక్కుచెదరకుండా ఉన్న కణం నీళ్లు పీల్చుకుని తోక చుట్టుకుంటుంది. పొర చిరిగినది చిల్లు కుండలా ఉంటుంది, ఉబ్బదు, తోక తిన్నగానే ఉంటుంది. అంటే ఇక్కడ వంకర తోక మంచిది, ఆకారాల పరీక్షలో వంకర తోక చెడ్డది. ఏ పరీక్ష చేస్తున్నామో తెలీకుండా ఫొటో చూస్తే తిరగబడి అర్థమవుతుంది, మీ గులాబీ కణాలకి జరిగింది సరిగ్గా అదే.

కదలిక ఒక్కటే చూస్తే ఎందుకు చాలదో ఇప్పుడు చెప్తాను. అండంలోకి దూరాలంటే కణం తల మీద అక్రోసోమ్ అనే టోపీ లాంటిది ఉండాలి. గడ్డకట్టించేటప్పుడు అది దెబ్బతిన్నా కణం మాత్రం పరుగెడుతూనే ఉండొచ్చు. కదలిక పరీక్షలో పాస్, అండం ముందు ఫెయిల్. అక్రోసోమ్ కోసం వేరే రంగు వేసి వేరే చూడాలి. ఆకారాలూ అంతే. డెన్మార్క్‌కి చెందిన ఎరిక్ బ్లోమ్ 1973లో కణాల లోపాల్ని పెద్దవీ చిన్నవీ అని విడదీసి ఒక పట్టిక ఇచ్చాడు, ఇప్పటికీ దాన్ని పట్టుకునే నడుస్తున్న ల్యాబులున్నాయి. తల సన్నబడినవి, తోక చుట్టుకున్నవి, మెడ దగ్గర చుక్క వేలాడేవి. అమెరికాలో ఆబోతుని పాస్ చేయడానికి కదలిక 30 శాతం ఉంటే చాలంటారు గానీ, సరైన ఆకారం ఉన్న కణాలు మాత్రం 70 శాతం ఉండాలంటారు. దేనికి ఎక్కువ బరువిచ్చారో చూశారా. కొన్ని లోపాలకి మందు సులువు: అండం దాకా చేరుకోలేని కణాలు ఎక్కువుంటే స్ట్రాలో మరిన్ని కణాలు పోస్తే సరిపోతుంది. ఇంకొన్ని లోపాలు అలా కాదు. కణం చురుగ్గా వెళ్తుంది, అండంలోకి దూరుతుంది కూడా, కానీ లోపలున్న డీఎన్‌ఏ తెగి ఉంటుంది, పిండం నాలుగు రోజులు పెరిగి ఆగిపోతుంది. అలాంటివి పది కోట్లు పోసినా లాభం లేదు, ఎందుకంటే అవి మంచివాటితో పోటీపడి వాటి చోటు కూడా లాక్కుంటాయి. ఈ తెగిన డీఎన్‌ఏని పట్టడానికి 1980లో ఎవెన్సన్ బృందం ఒక పద్ధతి చెప్పింది. అక్రిడిన్ ఆరెంజ్ అనే రంగు వేస్తే చక్కగా ఉన్న డీఎన్‌ఏ ఆకుపచ్చగా, తెగినది ఎర్రగా వెలుగుతుంది. ఫ్లో సైటోమీటరు అనే యంత్రంలోంచి పంపితే కొన్ని సెకన్లలో వేల కణాల్ని ఒక్కొక్కటిగా చూసేస్తుంది. ఆడ దూడల కోసం వీర్యం వేరుచేసేది కూడా ఆ యంత్రం తమ్ముడే, ఆడ కణంలో డీఎన్‌ఏ మగ కణం కంటే 3.8 శాతం ఎక్కువుంటుంది, ఆ కాస్త తేడాని పట్టుకుంటుంది.

ఎండదెబ్బ గురించి మీ వ్యాసంలో లేనేలేదు. శుక్రకణం తయారవడానికి ఆబోతులో సుమారు 61 రోజులు, తర్వాత నాళాల్లో పక్వానికి వచ్చి బయటపడటానికి ఇంకో వారం పది రోజులు. వృషణాలు ఒంటి వేడి కన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే ఇది సరిగ్గా నడుస్తుంది. ఆబోతుకి ఇవాళ గట్టి జ్వరం వస్తే రేపటి వీర్యం బాగానే ఉండొచ్చు, వంకర కణాలు కనపడేది కొన్ని వారాల తర్వాత. అప్పటికి జ్వరం సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు, తప్పు ల్యాబు మీదికో మేత మీదికో పోతుంది.

సూక్ష్మజీవుల గురించి రెండే ముక్కలు. బ్రూసెల్లోసిస్, ఐబీఆర్ (ముక్కు, శ్వాసనాళం వాచే వైరస్ జబ్బు) లాంటి జబ్బులున్న ఆబోతు వీర్యం కూడా మైక్రోస్కోపులో సుడులు తిరుగుతూ అందంగానే ఉండొచ్చు. ఐబీఆర్ వైరస్ ద్రవ నత్రజనిలో కూడా చావదు. దానికి ఆబోతుకి చేసే రక్త పరీక్షలు, వీర్యం మీద చేసే కల్చర్ పరీక్షలే దిక్కు. 82 అన్న అంకెలో ఇవేవీ లేవు.

మరి ఇన్ని పరీక్షలు చేస్తే చూడి కడుతుందని చెప్పొచ్చా? చెప్పలేం. పనికిరాని వీర్యాన్ని ఏరిపారేయడానికి ల్యాబు బాగా పనికొస్తుంది, పనికొచ్చే వాటిలో ఏది ఎక్కువ చూడి కట్టిస్తుందో చెప్పడంలో మాత్రం మా మాట అంతంతమాత్రమే. అది తేలేది ఆవుల దగ్గరే. స్ట్రా వేసిన ఆవుల్లో 60, 90 రోజుల్లో తిరిగి ఎదకి రానివి ఎన్ని అని లెక్క చూస్తారు. అందులోనూ ఎదని సరిగ్గా గుర్తించారా, సరైన టైముకి వేశారా, వేసినవాడి చెయ్యి ఎలాంటిది, ఆవు ఒంట్లో బాగుందా, కంటెయినర్ మూతి దగ్గర స్ట్రాలు ఎంతసేపు పైకెత్తి వెతికారు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఒక ఆబోతుకి 50 ఆవుల లెక్క మీద 50 శాతం చూడి అంటే అసలు సంగతి 36కీ 64కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. వందలు, వేలు పోగైతే గానీ నోరు తెరవకూడదు. కాబట్టి ‘మా ఆవు నిలవలేదు, స్ట్రా చచ్చింది’ అనడానికి ఒక్క ఆవు చాలదు. అలాగని ల్యాబులు దీని వెనక దాక్కోవడం కూడా నాకు నచ్చదు. ప్రతి బ్యాచ్‌లోంచి కొన్ని స్ట్రాలు దాచిపెడితే, ఫిర్యాదు వచ్చినప్పుడు అవి కరిగించి మళ్లీ చూడొచ్చు. కరిగించగానే ఒకసారి, 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి ఇంకోసారి. వెంటనే చూస్తే ఒకేలా కనిపించిన రెండు బ్యాచ్‌లు మూడు నాలుగు గంటల తర్వాత చూస్తే భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడాగా ఉండటం నేను చాలాసార్లు చూశాను.

నేను అడిగేది పెద్దదేం కాదు. వీర్యం గురించి ఎవరు అంకె చెప్పినా, ల్యాబు కావొచ్చు, అమ్మేవాళ్లు కావొచ్చు, మీ పత్రిక కావొచ్చు, పక్కనే నాలుగు సంగతులు కూడా చెప్పాలి: తాజా వీర్యమా కరిగించినదా, కరిగించాక ఎంతసేపటికి చూశారు, కంటితోనా యంత్రంతోనా, ఎన్ని కణాలు లెక్కపెట్టారు. ఒక్క లైను పడుతుంది. ‘కదలిక 52 శాతం, కరిగించిన 10 నిమిషాలకు, యంత్రంతో, 600 కణాలు’ అని ఉంటే చదివినవాడికి ఏదో ఒకటి అర్థమవుతుంది. ఒట్టి 82 అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, నాకు కూడా.

ఫోన్ చేసిన ఆ రైతుకి నేను చెప్పింది వేరే. మార్కులు వదిలెయ్, వేసేసిన ఖాళీ స్ట్రా పారేయకు, దాని మీద ఆబోతు నంబరూ తయారైన తేదీ అచ్చేసి ఉంటాయి, ఆవు తిరిగి ఎదకొస్తే అవి నాకు చెప్పు అన్నాను. ఆయన వెంటనే లోపలికెళ్లి ఏదో డబ్బా కిందామీదా వెతికి, “ఉందన్నా, కానీ తేదీ మీద పేడ అంటుకుంది, కడిగి చెప్తా” అన్నాడు. ఇంకా చెప్పలేదు, ఆవు నిలిచిందేమో.

ఫొటో కింద రాత మాత్రం వచ్చే ఆదివారం సరిచేయండి. తెల్లవి బతికున్నవి, గులాబీవి చచ్చినవి.

ఇట్లు,
ఒక వీర్య పరీక్షా ల్యాబు ఉద్యోగి